గోడెక్కని షీటు

నేను ఒక ఏసీపీ షీటుని. అపార్ట్‌మెంట్ల ముందు గోడల మీద టేకు చెక్కలా నిగనిగలాడేదాన్ని మీరు చూసే ఉంటారు. అది చెక్క కాదు, మా జాతే. బొబ్బట్టులో పూర్ణంలా, రెండు పల్చటి అల్యూమినియం రేకుల మధ్య నల్లటి ప్లాస్టిక్ నింపి నన్ను తయారుచేశారు. నా వీపున ఒక స్టిక్కరు అంటించారు: "మంటలను తట్టుకుంటుంది." నిజానికి ఫ్యాక్టరీలో ఒక్క అగ్గిపుల్లైనా నా దగ్గరికి తేలేదు. పరీక్ష ఇంకేదో షీటు రాసింది, మార్కులు నాకు వేశారు. వచ్చినవాళ్లందరూ స్టిక్కరు చదివి మెచ్చుకుంటుంటే నేనూ నమ్మేశాను.

లారీ ఎక్కి కాకినాడలో ఒక ఏడంతస్తుల అపార్ట్‌మెంటుకి వచ్చాను. వానలకు గోడలు పాచిపట్టి నల్లబడ్డాయని అక్కడివాళ్ల బెంగ. అసోసియేషన్ ప్రెసిడెంటు రాఘవరాజు గారు నన్ను అరచేత్తో నిమిరి, "వినాయక చవితికి మన బిల్డింగు పెళ్లికొడుకులా ఉండాలండీ" అన్నారు. నాకు భలే గర్వమేసింది.

షీట్లు బిగించే అప్పలస్వామి మేస్త్రికి ఒక అలవాటు. మొదటి షీటు గోడెక్కే ముందు దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, తమలపాకు మీద కర్పూరం వెలిగిస్తాడు. ఆ మొదటి షీటు నేనే. ఆ రోజు తమలపాకులు మరిచిపోయాడు. "ఇది మంటను తట్టుకునేదేగా" అనుకుంటూ కర్పూరం తిన్నగా నా కోసిన అంచు మీదే పెట్టి వెలిగించాడు. అందరూ కళ్లకద్దుకున్నారు. కర్పూరం అయిపోయింది. నేను మాత్రం ఆరలేదు. నా లోపలి ప్లాస్టిక్ కరిగి, మండుతూ బొట్లు బొట్లుగా కింద పడసాగింది. మేస్త్రి కంగారులో కొబ్బరినీళ్లు పోశాడు. లాభం లేకపోయింది. ఇసుక కుమ్మరించాకే ఆరాను.

"కర్పూరం కాస్త ఎక్కువైందండి, అంతే. సర్టిఫికెట్ ఉంది కదా!" అన్నారు రాజు గారు కాగితం ఊపుతూ.

ఏడో అంతస్తులో ఉండే మంగతాయారు మీటింగుల్లో వెనక కుర్చీలో కూర్చుని, ఒక్క మాటైనా మాట్లాడకుండా వెళ్లిపోయే మనిషి. ఆ రోజు చక్రాల కుర్చీలో అత్తగారు సూరమ్మను పూజకు తీసుకొచ్చింది. నేను మండిన తీరు చూసి, మంగతాయారు రాజు గారి ముందుకొచ్చింది.

"అన్నయ్యగారూ, ఇది మా కిటికీ చుట్టూ పెడతారు కదండీ. మంటొస్తే లిఫ్టు పనిచెయ్యదు. అత్తయ్యగారు మెట్లు దిగలేరు. నేనొక్కదాన్నీ మొయ్యలేనండీ."

"కాగితం ఉందంటున్నానా అమ్మా!"

"అయితే ఆ కాగితమే గోడకి అంటించుకో నాయనా, షీటెందుకూ?" అంది సూరమ్మ.

అందరూ గొల్లుమన్నారు. రాజు గారికీ నవ్వు ఆగలేదు. "సరేనమ్మా, ఏం చెయ్యమంటావు?" అన్నారు.

మంగతాయారు తలొంచుకునే చెప్పింది. మూడు షీట్ల నుంచి ముక్కలు కోయాలి. మధ్యలో ఎవరూ మార్చకుండా ఆ ముక్కల మీద అన్ని ఇళ్లవాళ్లూ సంతకాలు పెట్టాలి. వాటిని ల్యాబుకి పంపి కాల్పించాలి. నా ముక్క కూడా వెళ్లింది. పది రోజులకు జవాబొచ్చింది: మూడూ తప్పాయి. మావాళ్లందరూ వచ్చిన లారీలోనే తిరుగుముఖం పట్టారు. అంచు కాలిన నన్ను మాత్రం, మమ్మల్ని అమ్మిన కొట్టువాడు వద్దన్నాడు.

తరవాత ప్లాస్టిక్‌కి బదులు రాతిపొడి నింపిన షీట్లు వచ్చాయి. ఈసారి ముందు ల్యాబు, ఆ తరవాతే గోడ. వినాయక చవితి వెళ్లిపోయింది, దసరా కూడా వెళ్లిపోయింది. రాజు గారు ఒక్కసారీ విసుక్కోలేదు.

పని పూర్తయ్యాక అగ్నిమాపక శాఖ అధికారి వచ్చి గోడ చూశారు, ల్యాబు రిపోర్టు చదివారు. "ఇప్పుడు మంటొచ్చిందనుకోండి" అని ఈల ఊదారు. జనం బిలబిలా మెట్లు దిగారు. సూరమ్మ కుర్చీని నలుగురు ఎత్తుకున్నారు. అందులో రాజు గారొకరు.

"ఒరేయ్ రాజూ, నీ వైపు పల్లకీ ఒరిగిపోతోందిరా!" అని ఆవిడ దారి పొడుగునా కేకలు.

అధికారి గడియారం చూసుకుని, తల ఊపి, సంతకం పెట్టారు. సూరమ్మకు మాత్రం తృప్తి కలగలేదు.

"మూడో అంతస్తులో ఎవరో చేపల పులుసు పెట్టారు. వాసనైనా చూడనివ్వకుండా లాక్కొచ్చేశారు. ఇంకోసారి దింపండర్రా, ఈసారి నెమ్మదిగా!"

మంగతాయారు పమిట అడ్డం పెట్టుకోవడం కూడా మరిచిపోయి పకపకా నవ్వింది. నేను కింద ఇసుక కుప్పకు ఆనుకుని ఉన్నాను కాబట్టి విన్నాను. ఏడో అంతస్తు గోడ మీద ఉంటే, ఆ నవ్వు నాదాకా వచ్చేదే కాదు.