వయసు లాభం

మా అక్క సొలాంజ్ నాకంటే రెండేళ్ళు పెద్దది. ఇంత చిన్న మాట నలుగురి ముందూ అనడానికి నాకు పాతికేళ్ళు పట్టింది. ఆ పాతికేళ్ళూ వోబ్రియే ఊళ్ళో నేనే అక్కని, అది నా చెల్లెలు. ఎక్కడికెళ్ళినా ముందు నాకు కుర్చీ వేసేవాళ్ళు. "కూర్చోండి, పెద్దవారు" అంటూ ఉంటే ఒళ్ళు మండిపోయేది.

ఇదంతా రాజకీయం తెచ్చిన తంటా. మేమిద్దరం జూరా కొండల్లో పుట్టి, పెళ్ళిళ్ళయ్యాక ఈ ద్రాక్షతోటల సీమకి వచ్చాం. నాకు తోటలున్న మొగుడు దొరికాడు, దానికి వైన్ వ్యాపారి దొరికాడు. ఆ వ్యాపారి చిన్న వయసులోనే పోయాడు. ఏమీ తోచక సొలాంజ్ జాతీయవాదుల పార్టీలో చేరింది. మావైపు ఆ పార్టీకి జెండా మోసే దిక్కులేని రోజులవి. జిల్లా మండలికి నిలబడతావా అంటే ఎగిరి గంతేసింది. పోస్టర్ల మీద దాని నవ్వు మొహం కింద 'ముప్పై ఏళ్ళ కొత్త గొంతు' అని అచ్చయింది. అప్పటికి దానికి ముప్పై అయిదు.

"ప్యారిస్ వాళ్ళు వేశారే, నన్నేం చెయ్యమంటావ్? ఎన్నికలయ్యాక సరిచేద్దాంలే," అంది.

సరిచేసిందా? లేదు. ఓడిపోయింది, మళ్ళీ నిలబడింది, మళ్ళీ ఓడిపోయింది. సంతలో టమాటాలతో దెబ్బలు తింది. కారు టైర్లు కోయించుకుంది. రొట్టెల దుకాణంలో కొన్నేళ్ళు దాని మొహం చూడకుండానే రొట్టె చేతిలో పెట్టారు. అయినా బకెట్లో జిగురు కలుపుకుని, తన పోస్టర్లు తనే అంటించుకునేది. దాని మొండితనం చూస్తే నాకు కోపమూ వచ్చేది, గర్వమూ వచ్చేది. ప్రతిసారీ ఓట్లు పెరిగేవి, గెలుపు మాత్రం చేతిదాకా వచ్చి జారిపోయేది.

దాని రాజకీయం నాకు గిట్టదు. మన రొట్టె, మన వైన్, మన చర్చి గంటలు, మన సంప్రదాయం అంటే సరే. ఆ తర్వాత బయటివాళ్ళ మీదికి వెళ్ళేది. మొరాకో నుంచి వచ్చిన మా పనివాడు హసన్ కత్తెర పడని తీగ మా తోటలో ఒక్కటి లేదు. ఆదివారం భోజనాల్లో జున్ను ముక్క కోసేలోపు మాకు తగాదా మొదలయ్యేది.

"ఏమన్నా అను, ఓటు మాత్రం నాకే వేస్తావుగా?" అనేది.

"పెట్టెలో వేసింది పెట్టెకే తెలుసు," అనేదాన్ని.

అయిదోసారి నిలబడ్డప్పుడు ప్యారిస్ పెద్దలు తేల్చి చెప్పేశారు. ఇదే ఆఖరి అవకాశం, ఓడితే వచ్చేసారి లియోన్ నుంచి ఒక కుర్ర లాయరుకి టికెట్టు. ఆ మాట చెబుతూ సొలాంజ్ ఏడ్చేసింది. మొగుడు పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు.

ఇక్కడ మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. మా దగ్గర మనిషి వయసు ఎవరూ అడగరు, ఏ జట్టులో నడిచాడో చూస్తారు. పుట్టిన ఏడాది చివరి అంకె ఒకటే అయినవాళ్ళంతా ఒక జట్టు. ఆ అంకె ఏడాది వచ్చిందంటే ఇరవై నిండేవాళ్ళ నుంచి తొంభై నిండేవాళ్ళ దాకా టోపీలకు రిబ్బన్లు కట్టుకుని, చేతులు పెనవేసుకుని, వీధి నిండా అటూ ఇటూ ఊగుతూ నడుస్తారు. యాభై నిండితే ఎర్ర రిబ్బను, అరవై నిండితే నీలం. జట్టువాళ్ళు పెళ్ళిలో తాగుతారు, చావులో పెట్టె మోస్తారు. గుర్తింపు కార్డు అబద్ధం చెప్పినా జట్టు చెప్పదని మావాళ్ళ నమ్మకం. సొలాంజ్ పోస్టరు లెక్క నిలబెట్టుకోవడానికి, నలభై తొమ్మిదిలో పుట్టానని చెప్పి తొమ్మిదో జట్టులో దూరింది. ఎర్ర రిబ్బను కట్టుకుని అది నడుస్తుంటే నేను పక్కన నిలబడి పళ్ళు కొరుక్కుంటూ చప్పట్లు కొట్టాను. అసలు దానిది నాలుగో జట్టు.

పోలింగు జరిగిన ఆదివారం సాయంత్రం మేయరు కార్యాలయంలో బల్లల చుట్టూ కూర్చుని ఓట్ల కవర్లు విప్పుతున్నారు. లెక్కింపు పెద్ద మా మేయరు రెజీస్ తిబో. సొలాంజ్‌కి పోటీ కూడా ఆయనే. మాకది వింతేమీ కాదు. చుట్టుపక్కల ఊళ్ళ లెక్కలు ఫోన్లో వచ్చాయి, కూడారు, మళ్ళీ కూడారు. ఇద్దరికీ సరిగ్గా రెండు వేల నూట పదకొండు.

తిబో కళ్ళద్దాలు తుడుచుకుని లేచాడు.

"ఓట్లు సమానమైతే వయసులో పెద్దవాళ్ళు గెలిచినట్టని చట్టం. నేను అయిదో జట్టు, మదాం సొలాంజ్ పెరాషోన్ తొమ్మిదో జట్టు. కనుక, మిత్రులారా, వయసు లాభం నాది!"

ఆయన మనుషులు కేకలు వేశారు. ఎవరో సీసా బిరడా లాగేశారు. సొలాంజ్ పక్కన మాంసం కొట్టు మిరెయ్, తొమ్మిదో జట్టు మిరెయ్, భోరుమంది. సొలాంజ్ మాత్రం రాయిలా కూర్చుంది.

"చెప్పవే," అన్నాను దాని చెవిలో.

"చెబితే మిరెయ్ ఇంక నా మొహం చూడదు. ఊరంతా నవ్వుతుంది."

"చెప్పకపోతే లియోన్ లాయరు నవ్వుతాడు."

సొలాంజ్ చెప్పులు విప్పేసి కుర్చీ ఎక్కింది. దాని మోకాళ్ళు చప్పుడు చేయడం నాకు వినపడింది.

"మేయరు గారూ, ఆ సీసా కాస్త ఆపండి! నేను పుట్టింది నలభై నాలుగులో. ఈ ఏడు నాకు అరవై నిండుతాయి. మీకంటే ఏడాది పెద్దదాన్ని!"

హాలు గొల్లుమంది. తిబో కూడా నవ్వాడు. "ఓడిపోయినంత మాత్రాన ముసలివాళ్ళయిపోనక్కర్లేదు మదాం!"

"నామినేషన్‌లో అసలు తేదీయే రాశాను. జిల్లా కార్యాలయానికి ఫోన్ చెయ్యండి."

తిబో నవ్వు సగంలో ఆగిపోయింది. ఫోన్ దగ్గరికి వెళ్ళాడు. ఈలోగా మిరెయ్ కళ్ళు తుడుచుకుని నడుం మీద చేతులు పెట్టుకుంది.

"నా చెయ్యి పట్టుకుని ఎర్ర రిబ్బనుతో నడిచావే!"

"నడిచాను."

"సంప్రదాయం సంప్రదాయం అని మైకుల్లో గొంతు చించుకుంది నువ్వేనా? కంచే చేను మేసిందన్నమాట!"

"మేసింది మిరెయ్. నీ కొట్టుకొచ్చి అందరి ముందూ క్షమాపణ అడుగుతాను. కానీ రేపు. ఇవాళ నేను గెలవాలి."

వెనక నుంచి ముసలి గొంతొకటి లేచింది. ఉత్తరాలు పంచి రిటైరైన ఆంతెల్మ్ అతను, సొలాంజ్ పోస్టర్లని పాతికేళ్ళుగా చింపుతున్న మనిషి.

"అయితే నువ్వు మా నాలుగో జట్టు పిల్లవే! వచ్చే నెల్లోనే మన ఊరేగింపు. నీలం రిబ్బను కొనుక్కో. ఓటు మాత్రం చచ్చినా అడక్కు!"

ఈసారి హాలంతా నవ్వింది, రెండు పక్షాలూ కలిసి నవ్వాయి. మిరెయ్ కూడా నవ్వాపుకోలేక ముక్కు చీదుకుంది. తిబో ఫోన్ పెట్టేసి వచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు, కానీ మర్యాదస్థుడు, నిటారుగా నిలబడి చెప్పాడు.

"వయసు లాభంతో... సొలాంజ్ పెరాషోన్ ఎన్నికయ్యారు."

కప్పు ఎగిరిపోయేలా కేకలు! జాతీయగీతం ఎత్తుకున్నారు. తిబో కోసం విప్పిన సీసా తిబోయే తీసుకొచ్చి సొలాంజ్‌కి పోశాడు. దాని రాజకీయం నాకెంత గిట్టకపోయినా, ఓడి ఓడి లేచిన మనిషి అలా కుర్చీ మీద నిలబడి గ్లాసెత్తుతుంటే నా కళ్ళు నిండిపోయాయి.

కిందికి దిగి నా మెడ కావలించుకుంది. "చూశావా ఒదీల్, ఒక్క ఓటు తగ్గినా పోయేదాన్ని. నీ ఓటే నన్ను నిలబెట్టింది."

సంతోషంలో నోరాగలేదు నాకు. "నేను వేసింది తిబోకి. ఎప్పుడూ ఆయనకే వేస్తాను."

చేతులు వదిలేసి నన్ను చూసింది. దాని మనసులో లెక్క కదలడం నాకు కనిపించింది. నేను దానికే వేసి ఉంటే రెండు ఓట్లతో హాయిగా గెలిచేది. వయసు సంగతి పైకి వచ్చేదే కాదు. నేను కాటికి పోయేదాకా పెద్దదాన్నే అయి ఉండేదాన్ని.

"ఓసి రాక్షసీ!" అంది. కడుపు పట్టుకుని పగలబడి నవ్వింది. తర్వాత నా చెయ్యి పట్టి పైకెత్తి, హాలంతా వినపడేలా అరిచింది.

"అందరూ వినండి! ఇది మా చెల్లెలు!"

ఎవరో నాకోసం తెచ్చిన కుర్చీని అక్క వెనక్కి జరిపి, నేను నిలబడ్డాను.