చిరుతకు పెట్టిన ముఖం

మా అక్క మొగుడు చిరుతపులిని చంపుకొచ్చాడు. చంపానని అనడు, ‘కొట్టాను’ అంటాడు, క్రికెట్‌లో సిక్సర్ కొట్టినట్టు. అది అంతరించిపోతున్న జాతి. అయినా మేముంటున్న దేశంలో డబ్బు కడితే వేటకు పర్మిట్ ఇచ్చేవాళ్ళున్నారు, కట్టే బావలూ ఉన్నారు.

చచ్చిన జంతువుల ముఖాలు తయారుచేయడం నా పని. తోలు శుభ్రం చేసి, అచ్చు మీద తొడిగి, గాజు కళ్ళు పెట్టి, బతికున్నట్టు నిలబెట్టే షాపులో చేస్తాను. నాకు ఇంకో పని రాదు. ఇలాంటి వేటను నిషేధించాలని జనం గోల పెడుతుంటే, వద్దని వాదించినవాళ్ళలో మా ఓనర్‌తో పాటు నేనూ ఉన్నాను. నిషేధం వస్తే షాపు మూతపడుతుంది, నా నోట్లో మట్టి కొట్టినట్టే. వేటగాళ్ళు కట్టే డబ్బుతోనే అడవులు బతుకుతున్నాయని బావ చెప్పే మాటను నేనూ నలుగురికీ అప్పజెప్పాను.

బావ తెచ్చిన తోలు బల్ల మీద పరిచి తడుముతుంటే మెడ దగ్గర నా చెయ్యి ఆగింది. మెడ చుట్టూ వేలెడు వెడల్పున వెంట్రుకలు అరిగిపోయి ఉన్నాయి. కుక్కకు ఏళ్ళ తరబడి మెడపట్టీ కట్టి ఉంచితే అలా అవుతుంది. అడవి చిరుతకు పట్టీ ఎవరు కట్టారని బావనే అడిగాను. తడబడతాడనుకున్నాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు.

“అడవిలో వెతికితే నాలాంటివాడికి దాని తోక కూడా దొరకదు మరదలా. ఫారంలో పెంచుతారు. సీసాతో పాలు పట్టి పెంచారట దీన్ని. వాళ్ళు పేరు పెట్టి పిలిచారు, వచ్చింది. నేను కొట్టాను.”

“ఏమని పిలిచారు?”

“ఏమో, గుర్తులేదు. పేరుతో మనకేం పని?”

నేను ఆ అరిగిన మెడ మీద మళ్ళీ చెయ్యి పెట్టాను. ఆయన మాత్రం టీ ఊదుకుంటూ తనకేం కావాలో చెప్పుకుపోయాడు. నోరు బార్లా తెరిచి ఉండాలట, కోరలు కనబడాలట, మీదికి దూకుతున్నట్టుండాలట. మెడ మీద ఆ బోడి గీతను ఇంకో తోలు ముక్కతో అతికేయమన్నాడు. కొత్తింటి విందులో ముసుగు తీసి, అప్పుడు తన వేట కథ చెబుతాడట. అప్పటిదాకా ఎవరికీ చెప్పొద్దని అక్క నోరు కూడా కట్టేశాడు.

ఓనర్ అలాగే చెయ్యమన్నాడు. నేను సరేనన్నాను, చేసింది మాత్రం వేరు. నోరు మూసే ఉంచాను. చెవులు ముందుకు తిప్పాను. పిలిచినవాళ్ళ చేతిలో ఏముందోనని చూస్తున్నట్టు తల కొంచెం ఎత్తి పెట్టాను. మెడను ముట్టుకోలేదు. గుడ్డ కప్పి తిన్నగా కొత్తింటి హాల్లోకి చేర్పించాను. పదిమందిలో బావ పరువు మంటగలిస్తే చూడాలని నా కోరిక.

విందులో బావ ఠీవిగా గుడ్డ లాగాడు. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఒకావిడ దగ్గరకొచ్చి చిరుత తల నిమిరింది.

“ఎంత ముద్దొస్తోందో. మీరు పెంచుకున్నదా?”

బావ నా వైపు ఒక్క చూపు చూసి గొంతు సవరించుకున్నాడు.

“కన్నబిడ్డలా పెంచానండీ. ముసలిదై కన్నుమూసింది. వదల్లేక ఇలా ఉంచుకున్నాను.”

కళ్ళు కూడా తుడుచుకున్నాడు. ఛీ, ఆ కళ్ళలో నిజంగానే తడి ఉంది. వచ్చినవాళ్ళు ఆయన భుజం తట్టి ఓదార్చారు. అక్క ప్లేటు పట్టుకుని నా పక్కకొచ్చింది. ముద్ద దిగడం లేదని, రేపట్నుంచి ఈ హాల్లో ఆ మనిషి పక్కన ఎలా కూర్చోవాలని మెల్లగా అడిగింది. ఆ అబద్ధానికి సరిగ్గా సరిపోయే ముఖం చేసిచ్చింది నేనే.

వారం తిరక్కుండానే షాపుకు కొత్త ఆర్డర్లు వచ్చాయి. అన్నీ బావ తోటి వేటగాళ్ళవే. ఓనర్ మొహం చేటంత చేసుకుని చెప్పాడు. కోరలు కనబడితే ఈమధ్య జనం తిడుతున్నారట, ఇలా పెంపుడు ముఖం పెడితే ఎవరూ నోరెత్తరట. నిషేధం గొడవకు ఇదే మంచి విరుగుడని బావే వాళ్ళకు సలహా ఇచ్చాడట.

“నీ చేతిలో ఏదో మాయ ఉందమ్మా. ఇక మనకు ఢోకా లేదు,” అన్నాడు ఓనర్.

నేను ఏప్రన్ విప్పి బల్ల మీద పెట్టాను. నిషేధం కావాలనేవాళ్ళ దగ్గరికి వెళ్తున్నానని, బావ గురించీ ఈ షాపు గురించీ చెబుతానని, ఇక్కడ తాళం పడితే నేనూ సంతోషిస్తానని చెప్పాను. ఆయన నేను అలిగాననుకున్నట్టున్నాడు, బుజ్జగించబోయాడు.

“నీ కడుపు నువ్వే కొట్టుకుంటావా?”

“ఈ కూడు ఇక నాకు అరగదండీ,” అన్నాను.