పగడపు రాతి మసీదు

పెళ్లయి నలభై రోజులు. పొద్దున్నే అనీష్ నా డబ్బాలో పులిహోర పెట్టి, దాని మీద వేయించిన పల్లీలతో ‘స్ని’ అని పేర్చాడు. ‘స్నిగ్ధ’ పూర్తి చేయడానికి పల్లీలు చాలలేదట. మెట్రోలో కిటికీ సీటు కూడా దొరికింది. గాల్లో తేలుతూ దుబాయ్‌లో జెబెల్ అలీలోని మా ఎగ్జిబిషన్ కంపెనీ గోడౌన్‌కు చేరాను.

పది గంటలకల్లా ఒళ్లు మండిపోయింది.

ప్రదర్శనలో పెట్టే బోర్డులకు నేను రాతలు రాస్తాను. ఈసారి ఆఫ్రికా తూర్పు తీరంలోని కిల్వా. ఎనిమిది వందల ఏళ్ల కిందట ఖండం లోపలి రాజ్యాల బంగారం ఓడలెక్కిన రేవు. సొంత నాణేలు, చైనా పింగాణీ, గుమ్మటాల పెద్ద మసీదు. ఆ మసీదు నమూనాను చెక్కతో చేసింది మా వడ్రంగి జుమా. కిల్వా అతని సొంత ఊరు. సముద్రంలోంచి తీసిన పగడపు రాయిని తడిగా ఉన్నప్పుడే చెక్కాలని, దాన్నే కాల్చి సున్నం చేస్తారని నాకు చెప్పిందీ అతనే. వాళ్ల తాత ఆ సున్నం కాల్చినవాడు.

మేనేజర్ మల్లికార్జునరావు గారు నా కాగితంలో ఒక వాక్యం కొట్టేశారు.

“‘ఊరి మేస్త్రీలు కట్టారు’ ఏంటమ్మాయ్? వీళ్లకి గుమ్మటాలు కట్టడం ఎక్కడొచ్చు? అరబ్బులొచ్చి కట్టారని రాయి.”

“తప్పు సార్. వ్యాపారులతో మతం సముద్రం దాటి వచ్చింది. రాయి పేర్చింది అక్కడి చేతులే.”

“అబ్బో, హిస్టరీ ఎమ్మే! సర్లే. రేపు ప్రారంభానికి జుమా గడ్డి లంగా కట్టుకుని, డప్పు పట్టుకుని నిలబడతాడు. ఆఫ్రికా కళ ఉండాలిగా.”

బంగారం తూచిన ఊరి మనిషికి గడ్డి!

“ఆయన కట్టుకోడు.”

“ఎందుక్కట్టడు? వాడి వీసా మన దగ్గరుంది. నీది మీ ఆయన మీదుంది కాబట్టి నోరు లేస్తోంది.”

నిజమే. అందుకే ఇంకా మండింది.

రాసినవాళ్ల సంతకం లేనిదే ప్రెస్‌వాళ్లు బోర్డు అచ్చు వేయరు. అది గుర్తొచ్చి ఆయన గొంతు తగ్గించారు.

“నువ్వు అరబ్బులని మార్చి సంతకం పెట్టు, నేను గడ్డి లంగా మానిపిస్తా. ఖలాస్.”

వెళ్లి జుమాకు చెప్పాను. గుమ్మటం మీది రంపపు పొట్టు ఊది, హిందీలో అన్నాడు:

“పెట్టొద్దు మేడమ్. గడ్డి సాయంత్రం విప్పేస్తా. బోర్డు మూడు నెలలు ఉంటుంది.”

మార్చని కాగితం మీదే సంతకం పెట్టి ప్రెస్‌కి పంపేశాను. మళ్లీ వేయించే వ్యవధి లేదు. “ఈ నెలాఖరు దాకే నువ్విక్కడ” అన్నారు రావు గారు. అననీ.

మర్నాడు జుమా నిజంగానే గడ్డి కట్టుకుని మసీదు పక్కన నిలబడ్డాడు. చూడలేకపోయాను. పళ్లు నొప్పెట్టేలా కొరుక్కున్నాను. జనం ఫోన్లు పట్టుకుని ఎగబడ్డారు.

“ముందు ఇది చదవండి,” అని ప్రతివాళ్లకూ బోర్డు చూపించాడు జుమా. వెనక నుంచి రావు గారు డప్పు కొట్టమని సైగ చేస్తూనే ఉన్నారు.

చివరి అక్షరం దాకా చదివినవాళ్లకే డప్పు ఎత్తాడు.