కీచుమనని బ్రేకులు

వరదొచ్చి పెద్దాయన పాత బుల్లి కారుని చక్రాలు మునిగేదాకా నానబెట్టిన ఏడాది మాట ఇది. అప్పట్నించీ బ్రేకు తొక్కితే చాలు, వీధంతా వినబడేలా కీచుమనేది. ఆయన వీధి మలుపు తిరిగేసరికి ఇంట్లోంచి పకపకా నవ్వులు వినిపించేవి. కారు కీచుమనగానే ఠక్కున ఆగిపోయేవి. ఆ నవ్వులు దేనికో తెలుసుకుంటే గానీ ఆయనకి ముద్ద దిగేలా లేదు.

ఆదివారం పూట జాకీ ఎత్తి, ముందు చక్రాలు ఊడదీశాడు.

"అరిస్తే అరవనివ్వండి, ఆగుతోంది కదా!" అంది భార్య.

"అవును బావా, ఎందుకొచ్చిన శ్రమ?" అని వంత పాడాడు బావమరిది.

"ఊఁ" అన్నాడాయన. తుప్పు గీకి, అరిగిపోయిన బ్రేకు షూలు తీసి కొత్తవి వేశాడు. స్ప్రింగొకటి ఎగిరి బావమరిది ముక్కు పక్కనుంచి దూసుకుపోయింది. దానికీ "ఊఁ" అనే అన్నాడు.

సాయంత్రం బ్రేకులు పడుతున్నాయో లేదో చూసొస్తానని వెళ్లి, చప్పుడు లేకుండా తిరిగొచ్చి, కిటికీ కింద నక్కాడు. లోపల భార్య ఆయన పాత కళ్లజోడు ముక్కు కొసకి జార్చి, రెండుసార్లు దగ్గి, చెవి గోక్కుని, ఆయనలాగే "ఊఁ" అంటోంది. బావమరిది పొట్ట పట్టుకుని దొర్లుతున్నాడు. పెద్దాయనకీ నవ్వు తన్నుకొచ్చింది. తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే భార్య "కాఫీ తెమ్మంటారా?" అని అడిగింది. ఆయన కళ్లజోడు ముక్కు కొసకి జార్చి, రెండుసార్లు దగ్గి, చెవి గోక్కుని, అచ్చం ఆవిడ గొంతుతో "ఊఁ" అన్నాడు.