కడగకూడని సీసా

నేను ఒక గాజు సీసాను. పచ్చడి సీసానో, తేనె సీసానో అనుకునేరు. సముద్రాన్ని కాస్త కాస్తగా ల్యాబుకి మోసుకెళ్లడం నా ఉద్యోగం. జనం స్నానాలు చేసే చోట నీళ్లు మంచివో కావో నాలో పట్టిన నీళ్లే చెప్పాలి. అందుకే ల్యాబులో నన్ను ఆవిరిలో ఉడికించి, కాగితం చుట్టి పెడతారు. నీళ్లలో ముంచేదాకా నా మూత ఎవరూ తీయకూడదు.

నన్ను తీరానికి తీసుకెళ్లేది ల్యాబు ఉద్యోగిని హైమవతి. పొద్దున్నే నీళ్లు పట్టాలి కనుక ముందురోజే ఇంటికి తెచ్చుకునేది. ఇల్లు భీమిలి దాటాక, బీచ్ పక్కనే. అత్తగారు నూకరత్నం కార్తీకమాసమంతా సముద్రస్నానం మానదు. ఆవిడకి షుగరు, కాలిమీద మానని పుండు. ఆ ఏడు మురుగుకాలువ ఒకటి దారి తప్పి బీచ్‌లోకి నల్లగా దిగుతోంది.

"ఆ నీళ్లలో దిగకండి అత్తయ్యా, కాలు పోగొట్టుకుంటారు."

"గంగమ్మకి మైలేటే? నదులన్నీ కలిసేది అందులోనే గదా!"

"నదులే కాదు, మరుగుదొడ్లు కూడా కలుస్తున్నాయి."

"ఛీ, అన్నం దగ్గర ఏం మాటలే!"

నీళ్లు చెడ్డవని పరీక్షలో తేలితే తప్ప బీచ్‌లో దిగొద్దనే ఎర్రజెండా ఎగరదు. జెండా ఎగిరితే తప్ప ఈవిడ ఆగదు.

ఆ సాయంత్రం నూకరత్నం సంచిలో నన్ను చూసింది. పాపం, కోడలు ఎన్ని పనులని చేస్తుంది అనుకుంది. కాగితం విప్పి, సబ్బుపీచుతో తోమి, కుళాయి కింద తొలిచి, చీరకొంగుతో లోపలంతా తుడిచి, గరిటెల పక్కన బోర్లించింది. అంత ప్రేమగా నన్నెవరూ పాడుచెయ్యలేదు.

హైమవతి వచ్చి చూసి గుండె పట్టుకుంది. "ఎందుకు కడిగారండీ! రేపు నీళ్లు పట్టకపోతే మళ్లీ వచ్చే నెలే!"

"కడిగితే చెడిపోయే గిన్నెని ఈ ఇంట్లో ఇప్పుడే చూత్తన్నాను."

హైమవతి నన్ను ప్రెషర్ కుక్కర్లో కూర్చోబెట్టింది.

"ఏటే, సీసా పులుసు పెడతన్నావా?"

"మీ కొంగుకున్న క్రిములు చావాలి. నా చేతులకీ ఉంటాయి లెండి. కంటికి కనపడవు."

అత్తగారు కొంగు వంక చూసుకుంది. కుక్కరు కూత పెట్టింది. రెండో కూతకి మెల్లగా అడిగింది.

"మరి సముద్రాన్ని ఏ కుక్కర్లో పెడతావే?"

హైమవతి కుక్కరు దించి, నాకు మూత బిగించి, కొత్త కాగితం చుట్టింది.

తెల్లవారి హైమవతి మోకాలిలోతులో నిలబడి, అలకి ఎదురుగా నా మూత తీసింది. ఒడ్డున తువ్వాలు భుజాన వేసుకుని అత్తగారు నిలబడే ఉంది. పాదం తడపలేదు.

నాలోని నీళ్లు చెడ్డమాటే చెప్పాయి. ఎర్రజెండా లేచింది. ఆ నెలంతా నూకరత్నం దాని కిందే కుర్చీ వేసుకుని, స్నానానికొచ్చిన ఆడవాళ్లని తిట్టి మరీ వెనక్కి పంపింది. ఆ తిట్లు తట్టుకోలేకనో ఏమో, పంచాయతీవాళ్లు కాలువని మళ్లించారు.

ఈలోగా నా మూతి పెచ్చు లేచింది. ల్యాబుకి పనికిరానన్నారు. హైమవతి నన్ను తెచ్చి వంటింటి కిటికీలో పెట్టింది.

మళ్లీ కార్తీకం వచ్చింది. కొత్త సీసా మంచిమాట చెప్పింది, ఎర్రజెండా దిగింది. మానిన కాలితో నూకరత్నం సముద్రంలో మునిగి లేచి, పూజగదికని వెంట తెచ్చుకున్న నన్ను నింపబోయింది. అలవాటుగా వేళ్లు నాలోకి పెట్టబోయి, ఆగి, ఒడ్డున ఉన్న కోడలి వైపు చూసింది.

తొలవకుండానే ముంచింది.