గోడ అవతలి మగ్గం

ఫొస్కా కడుపులో ఈ కుళ్ళు పుట్టించింది మీరే! ఇటలీలో ప్రాతో నగరపు బట్టల మిల్లుల దొరలారా, బస్సుల్లో యాత్రికుల్ని తిప్పే పెద్దమనుషులారా, మీరే! ఒకే గోడకి అటొకరు ఇటొకరు మగ్గాలాడించుకుంటూ, ఒకరింట్లో రొట్టె అయిపోతే ఇంకొకరింట్లో కోసుకుతిన్న ఇద్దరాడవాళ్ళ మధ్య చిచ్చు పెట్టింది మీరు కాక ఇంకెవరు?

పని లేదన్నారు. మగ్గాలు ముక్కలు చేసుకుంటే పరిహారమిస్తామన్నారు. ఫొస్కా మొగుడు అల్వారో మీ మాట నమ్మి సుత్తి పట్టాడు. పక్కింటి లీదా మాత్రం, "మా మగ్గం జోలికొస్తే చేతులు విరగ్గొడతా" అని షెడ్డుకి తాళం వేసుకుంది. మొండిఘటమని ఊరంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది ఫొస్కాయే.

ఇప్పుడా నవ్వే ఆమె గొంతులో ముల్లయింది. ప్రతి ఆదివారం యాత్రికుల బస్సు బిసెంజియో లోయ దారెక్కి వస్తుంది. నగరంలో కోటగోడలూ పెద్ద చర్చీ చూసి, దారిలో ఆలివ్ తోటలు చూసి, ఊళ్ళో మిగిలిన ఒక్క మగ్గాన్ని చూడ్డానికి జనం చివరికి లీదా గుమ్మంలో దిగుతారు. ఫొస్కా గుమ్మం దాకా వచ్చేది ఆ బస్సు పొగ ఒక్కటే. గోడ అవతల మగ్గం టకటకమంటుంటే ఇవతల చిక్కుడుకాయలు ఒలిచే ఆమె చేతులు అదే తాళానికి ఆడతాయి. చప్పట్లు వినపడితే చాలు, గిన్నె నేలకేసి కొడుతుంది.

"దాని బట్టకి మిల్లువాడు ఎన్నిసార్లు వంక పెట్టాడో నాకు తెలీదా?"

"నీకెందుకే? నీ పని నువ్వు చూసుకో," అన్నాడు అల్వారో.

"నా పనినే కదయ్యా నువ్వు సుత్తితో కొట్టింది!"

అల్వారో కాఫీకొట్టుకి పోయాడు.

ఫొస్కా చర్చికి వేసుకునే నల్లకోటు తొడిగి, బస్సు దిగిన గుంపులో కలిసింది. లీదా చేతకానితనం అందరి ముందూ బయటపెట్టాలి. దానికి పేరుండకూడదు, దాని గుమ్మంలో బస్సుండకూడదు. ఆమెకి కావలసింది అదే.

షెడ్డులో బల్ల మీద ఎండు అంజూరాలు, బాదం బిస్కెట్లు, తియ్యటి వైను. 'మహారాణి విందు!' అని పళ్ళు నూరింది. లీదా కరెంటు మగ్గం మీట లాగింది. నేల అదిరింది. జనం నోళ్ళు తెరిచారు. ఫొస్కా అడ్డంగా కట్టిన తాడు దాటి, నేసేవాళ్ళంతా చేసేట్టే, బట్ట మీద అరచెయ్యి ఆనించింది.

చేతికి దుమ్మంటింది. బట్ట కదలడం లేదు. అడ్డపోగు మోసే నాడె అటూ ఇటూ పరిగెడుతోంది గానీ దాని కడుపులో పోగన్నది లేదు. ఆ పోగు తెగితే మగ్గాన్ని దానంతటదే ఆపే తీగని లీదా ముందే గుడ్డపీలికతో కట్టేసింది.

ఫొస్కాకి పండగే పండగ. నోరు తెరిచింది.

"అరిచెయ్యవే," అంది లీదా, చెవి దగ్గరికొచ్చి. "అందుకేగా వచ్చావు? నూలు పంపమని మిల్లుల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగా. జనానికి చప్పుడు చాలు, నీ బట్ట ఎవడిక్కావాలన్నారు. వీళ్ళు పోయాక ఈ బెంచీ మీద కూర్చుని ఏడుస్తానే నేను."

"ఏడుస్తావా? నీకు చప్పుడైనా ఉందే, దొంగమొహమా! నాకు అదీ లేదు."

"ఉంటే? చప్పుడు కట్టుకుంటావా, కప్పుకుంటావా?"

ఫొస్కా చెయ్యి బట్ట మీదే ఉండిపోయింది. ఇన్నాళ్ళూ కళ్ళల్లో నిప్పులు పోసుకున్నది ఈ ఖాళీ నాడె కోసమా? అసూయేం చల్లారలేదు, మగ్గం ఇంకా లీదాదే. కానీ మంట మీ వైపు తిరిగింది, దొరలారా. ఆ గుడ్డపీలిక పట్టి లాగేసింది. మగ్గం ఠక్కున ఆగింది.

"అయ్యో, పాడైందా అమ్మా?" అంటూ జనాన్ని తీసుకొచ్చిన జినెవ్రా పరిగెత్తుకొచ్చింది.

"పాడవ్వలేదమ్మాయ్, బాగుపడింది. నూలు లేకపోతే మగ్గం ఆగాలి. నిన్ను పంపినవాళ్ళకి చెప్పు, ఈసారి బస్సు కంటే ముందు నూలు బండి రావాలి. పొద్దున నేను నేస్తా, మధ్యాహ్నం లీదా నేస్తుంది," అంది ఫొస్కా.

"మగ్గం నాదైతే పొద్దున నువ్వెట్టా నేస్తావే?" అని లీదా మీదికొచ్చింది.

"నోర్ముయ్యి. ముందు నూలు రానీ, తర్వాత జుట్లు పట్టుకుందాం."

విన్నారుగా దొరలారా? మీ చప్పట్లు మీరే ఉంచుకోండి. నూలు పంపండి, నేసిన బట్ట కొనండి. అప్పటిదాకా ఆ తీగని మళ్ళీ కట్టమని ఎవడూ ఈ గుమ్మం తొక్కకూడదు.