పదిహేడో నంబరు మట్టి

మట్టి పరీక్షల ఆఫీసులో జల్లెడక్క పని రోజూ ఒకటే. పొలాల నుంచి వచ్చిన మట్టిని వెడల్పాటి రేకు ట్రేలలో పరిచి ఆరబెట్టాలి, చెక్క సుత్తితో చితక్కొట్టాలి, జల్లించి డబ్బాలకెత్తాలి. ఆరిన మట్టి మీద ఆ పొలంలో చివరిసారి పని చేసినవాళ్ల అడుగులు తేలేవి. వాటిని చూసి ఎవరూ నోరు వెళ్లబెట్టేవారు కాదు. మట్టి సారు ఫారంలో అడుగులకి గడి లేదు, అంతే.

ఆ ఏడాది ఏ నేల సాగులో ఉండాలో, ఏ నేలని అడవికి వదిలెయ్యాలో తేల్చడానికి నలుగురు ఒకే బల్ల చుట్టూ చేరారు. మట్టి సారు, పటాలాయన, పిట్టల్ని లెక్కపెట్టే మేడమ్, ఇల్లిల్లూ తిరిగి ప్రశ్నలడిగే అమ్మాయి. నలుగురిదీ తలో దారి. పదిహేడో నంబరు పొలం దగ్గర మాత్రం మాట కలిసింది. ఉపగ్రహం ఫోటోలో పచ్చదనం లేదు. అమ్మాయి వెళ్తే అక్కడున్న గుడిసెకి తాళం.

"బీడని రాసేద్దాం. సోమవారం కంచె వేసేస్తారు," అన్నాడు పటాలాయన.

పక్కగదిలో జల్లెడక్క ఎత్తిన సుత్తి ఎత్తినట్టే ఉండిపోయింది. పదిహేడో ట్రేలో మగవాడి అడుగులు. ఎడమ కాలికి చిటికెన వేలు లేదు. పార తగిలి ఆ వేలు తెగినప్పుడు కట్టు కట్టింది తనే. విత్తనాలు తెస్తానని వెళ్లి ఐదేళ్లయినా తిరిగిరాని మొగుడు. వాడొస్తాడని అత్త ఇప్పటికీ తలుపుకి గడియ పెట్టనివ్వదు.

ఆ అడుగుల్లోనే అడుగేసుకుంటూ ఒక చిన్నపిల్ల పాదాలు.

ఆమెకి ఒళ్లు మండిపోయింది. ఒక్క దెబ్బ వేస్తే అడుగులుండవు, పొలమూ ఉండదు. చచ్చినట్టు ఇంటికొస్తాడు. రావాలనేగా ఇన్నాళ్లూ ఏడ్చింది. మరి ఆ పిల్ల ఎక్కడికి పోతుంది?

సుత్తి పక్కన పెట్టి, ట్రే ఎత్తుకెళ్లి బల్ల మీద దించింది.

"బీడు కాదు సార్. ఎవరో చేసుకుంటున్నారు."

పటాలాయన విసుక్కున్నాడు. అమ్మాయి వంగి చూసి నాలిక్కరుచుకుంది. "నేను వెళ్లేసరికి పొలంలో ఉండుంటారు. అప్పుడే దున్నిన నేలలో పచ్చదనం ఎలా కనిపిస్తుంది? ఎవరో తెలుసా అక్కా?"

"తెలీదమ్మా."

మట్టి సారు 'బీడు' కొట్టేసి 'సాగు' అని రాశాడు. ఆమె ట్రే వెనక్కి తెచ్చి, మిగతా వాటిలాగే చితక్కొట్టి జల్లించింది.

సాయంత్రం అత్త రోజూ అడిగినట్టే అడిగింది. "వాడి సంగతేమన్నా తెలిసిందా?"

"బాగానే ఉన్నాడత్తయ్యా," అంటూ జల్లెడక్క లోపలికొచ్చి, తలుపు మూసి గడియ పెట్టింది.